కాటన్ ఇంటిపేరు

కాటన్ అనేది ఇంగ్లండులో ఊరిపేరు మీదుగా వచ్చిన ఇంటిపేరు. పూర్వం అక్కడ ఎవరినైనా కాటన్ అని పిలిచారంటే ఆ పేరున్న ఊరి నుంచి వచ్చినవాడని అర్థం. గోదావరి జిల్లాల్లో ఈ మాటకి ఆ అర్థం లేదు, అసలు ఇది ఇంటిపేరన్న స్పృహే లేదు. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ థామస్ కాటన్ (1803–1899) ఒక్కడి సొంత పేరుగానే ఇక్కడ వాడుకలో ఉంది. ఆయన అన్నదమ్ములు, పెదతండ్రి కొడుకు, చుట్టరికమే లేని ఇతర కాటన్‌లు కూడా భారతదేశంలో పెద్ద పెద్ద ఉద్యోగాలు చేశారు. వాళ్లలో ఒక్కరి పేరూ డెల్టాలో వినపడదు. ఒక వంశానికి గుర్తుగా పుట్టిన మాట సముద్రం దాటి ఒక మనిషికి గుర్తుగా మారడం ఈ ఇంటిపేరు చరిత్రలో చెప్పుకోదగ్గ విషయం.

ఊరి నుంచి ఇంటికి

ప్రాచీన ఇంగ్లిష్‌లో ‘కోట్’ అంటే గుడిసె, చిన్న కొంప. నాలుగు గుడిసెలు ఒకచోట ఉంటే ఆ చోటిని ‘ఎట్ కోటుమ్’ అనేవారు, అంటే గుడిసెల దగ్గర. కాలం గడిచేసరికి ముందున్న ‘ఎట్’ రాలిపోయింది, వెనకున్న విభక్తి ప్రత్యయం మాత్రం మిగిలి ‘కోటన్’, ‘కాటన్’ అయింది. కేంబ్రిడ్జ్ పక్కనున్న కోటన్, చెషైర్, ష్రాప్‌షైర్, స్టాఫర్డ్‌షైర్ ప్రాంతాల్లోని కోటన్‌లు, కాటన్‌లు ఇలా ఏర్పడ్డవే. ఇవి ఒకదాన్ని చూసి ఇంకొకటి పెట్టుకున్న పేర్లు కావు. గుడిసెలు ఎక్కడైనా ఉంటాయి కాబట్టి ఎక్కడికక్కడ విడిగా పుట్టాయి. అందుకే కాటన్ ఇంటిపేరున్న వారందరికీ ఒకే మూలపురుషుడు ఉండడు. కాటమ్, కోథమ్, కోట్స్ అనే ఇంటిపేర్లు కూడా ఈ ‘కోట్’ నుంచే వచ్చాయి. సట్టన్, నార్టన్ లాంటి పేర్ల చివర కనిపించే ‘టన్’ ఊరు, పొలం అనే అర్థమున్న ‘టూన్’ అనే మాట. కాటన్‌లో వినపడేది అది కాదు, పైకి పోలిక ఉన్నా పుట్టుక వేరు.

తెలుగువాళ్లకి ఇందులో కొత్త లేదు. కందుకూరు ఊరైతే కందుకూరి ఇంటిపేరు, టంగుటూరు ఊరైతే టంగుటూరి ఇంటిపేరు. కొప్పరం నుంచి కొప్పరపు వచ్చింది. ఊరిపేరు ఔపవిభక్తిక రూపం దాల్చి ఇంటిపేరవడం మన పద్ధతి. ‘ఎట్ కోటుమ్’లో జరిగిందీ అలాంటిదే, విభక్తి చేరిన రూపమే అక్కడా ఇంటిపేరుగా గడ్డకట్టింది. నిడదవోలు లాంటి పేర్లకి ఆ మార్పు కూడా అక్కర్లేదు, ఊరూ ఇంటిపేరూ ఒక్కటే. సాహిత్య చరిత్రకారుడు నిడదవోలు వెంకటరావు పేరు విన్న గోదావరివాసికి ముందు రైలు జంక్షన్ గుర్తొస్తుంది.

ఊరిపేరు ఇంటిపేరు కావాలంటే ఆ ఊరు విడిచి వెళ్లాలి. కందుకూరులో ఉన్నంతకాలం కందుకూరివారని ఎవరినీ విడిగా పిలవాల్సిన పనిలేదు, అక్కడ అందరూ కందుకూరివారే. రాజమహేంద్రవరంలో 1848లో పుట్టిన వీరేశలింగం ఇంటివారు ఆ పేరు మోయడానికి కారణం వాళ్ల పెద్దలు దక్షిణాన ఉన్న ఆ ఊరి నుంచి తరలిరావడమే. ఇంగ్లండులోనూ కాటన్ ఊళ్లో ఉన్నవాణ్ణి కాటన్ అనేవారు కాదు. పక్క ఊరికి వెళ్లి స్థిరపడ్డాకే ఆ పేరు అంటుకునేది.

1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక భూములున్న కుటుంబాలు ముందుగా ఇంటిపేర్లు పట్టుకున్నాయి. భూమి తండ్రి నుంచి కొడుక్కి పోతుంటే దాంతోపాటు పోయే పేరొకటి కావాలి కదా. సామాన్యులకి అవి స్థిరపడటానికి మరో రెండు మూడు వందల ఏళ్లు పట్టింది. 1377, 1379, 1381లో తలపన్ను వసూలు చేసిన నాటికి చాలామందికి పన్ను పట్టీలో రాసుకోవడానికి ఒక ఇంటిపేరు ఉంది. సర్కారు లెక్కలకి మనిషిని గుర్తించాల్సిన అవసరం పేర్లను గట్టిపరచడం అన్ని దేశాల్లోనూ జరిగిందే.

నూలుకి సంబంధం ఉందా

లేదు. బట్టకి వాడే ‘కాటన్’ అరబ్బీ ‘కుత్న్’ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. రెండు మాటలు రెండు దారుల్లో వచ్చి చివరికి ఒకే అక్షరాల దగ్గర కలిశాయి. ఫ్రాన్సులో మాత్రం కొన్ని కోటన్ కుటుంబాలకి దూది, నూలు వ్యాపారం మీదుగా ఆ పేరు వచ్చి ఉండవచ్చు.

అయితే ఈ గందరగోళాన్ని పెంచింది కాటన్ కుటుంబాలే. చెషైర్‌లోని కూంబర్‌మియర్ కాటన్‌ల వంశచిహ్నంలో నీలి రంగు డాలు మీద ఇంటికప్పు వాలులా ఒక పట్టీ, దాని చుట్టూ మూడు తెల్లటి నూలు చిలపలు ఉంటాయి. పేరు శబ్దాన్ని బొమ్మతో పలికించే ఇలాంటి చిహ్నాలు యూరప్ కులీనులకి సరదా. డాలు చూసినవాడు ఈ ఇంటివారు నూలు వర్తకులనుకుంటే తప్పు వాడిది కాదు. గోదావరి జిల్లాల్లో ఈ తికమకకి తావులేదు. కాటన్ చీర, కాటన్ పంచె, కాటన్ దొర అనే మూడు మాటల్నీ ఒకే నోటితో అంటారు. ‘దొర’ అన్న మాట పక్కన చేరగానే అర్థం తేలిపోతుంది.

కూంబర్‌మియర్ శాఖ

ఆర్థర్ కాటన్‌ది ఈ శాఖే. ష్రాప్‌షైర్ కాటన్ నుంచి పేరు తెచ్చుకున్న ఈ వంశం ఎనిమిదో హెన్రీ హయాంలో పైకొచ్చింది. రాజు మఠాలన్నీ రద్దు చేసి ఆస్తులు తనవాళ్లకి పంచిపెట్టినప్పుడు, 1133లో స్థాపించిన కూంబర్‌మియర్ మఠం 1539లో సర్ జార్జ్ కాటన్‌కి దక్కింది. 1677లో బారొనెట్ హోదా వచ్చింది. వంశంలో ఎక్కువ పేరు తెచ్చుకున్నవాడు స్టేపుల్టన్ కాటన్ (1773–1865). 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో ఉన్నాడు, 1812లో స్పెయిన్‌లోని సలమాంకా యుద్ధంలో అశ్వదళాన్ని నడిపాడు, 1826 జనవరిలో భరత్‌పూర్ కోటని పట్టుకున్నాడు. దాని ఫలంగా వైకౌంట్ కూంబర్‌మియర్ అయ్యాడు. ఆ శాఖవారు తర్వాత స్టేపుల్టన్-కాటన్ అని జంట ఇంటిపేరు పెట్టుకున్నారు. మఠం ఆస్తిని 1919లో అమ్మేశారు.

ఆర్థర్ కాటన్ ఈ స్టేపుల్టన్‌కి చిన్నాన్న కొడుకు. తండ్రి హెన్రీ కాల్వ్‌లీ కాటన్‌కి పదకొండుమంది కొడుకులు, ఆర్థర్ పదోవాడు. అక్కడి చట్టం ప్రకారం ఆస్తి, హోదా పెద్దకొడుకువి. పదోవాడికి మిగిలేది ఇంటిపేరూ, దాంతో సంపాదించుకోగలిగిన సిఫారసూ. కుంపిణీ సైన్యాలు, నౌకాదళం ఇలాంటి చిన్నకొడుకులతోనే నిండేవి. ఆర్థర్ అన్న సిడ్నీ కాటన్ (1792–1874) పెషావర్‌లో సేనాని, అంతకుముందు ఆస్ట్రేలియాలోని మోర్టన్ బే ఖైదీల స్థావరానికి అధికారి. తమ్ముడు ఫ్రెడరిక్ కానయర్స్ కాటన్ (1807–1901) మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరాడు. అంటే ఒకే కాలంలో మద్రాసు దళం కాగితాల్లో ఇద్దరు కాటన్ ఇంజనీర్లు ఉన్నారు. పాత రికార్డులు చదివేవాళ్లు ఎవరు ఏ కాటనో చూసుకోవాలి.

చుట్టరికం లేని కాటన్‌లు

ఇంగ్లండులో ఈ ఇంటిపేరు గలవారిలో సర్ రాబర్ట్ బ్రూస్ కాటన్ (1571–1631)ని ముందు చెప్పుకోవాలి. మఠాలు మూతపడ్డాక చెల్లాచెదురైన రాతప్రతులను ఏరి కూర్చినవాడు. తన అల్మరాల మీద రోమన్ చక్రవర్తుల ప్రతిమలు పెట్టి ఆ పేర్లతోనే పుస్తకాలకి గుర్తులు వేసుకున్నాడు. ‘బేవుల్ఫ్’ కావ్యం ఏకైక ప్రతికి ఇప్పటికీ గుర్తు కాటన్ విటెలియస్ ఎ. 15. అంటే విటెలియస్ బొమ్మ కింద మొదటి అరలో పదిహేనో పుస్తకం. అల్మరా లేదు, బొమ్మ లేదు, 1731లో అగ్నిప్రమాదం జరిగి ఆ ప్రతి అంచులు కూడా కాలాయి. చిరునామా మాత్రం అదే. ఈ భాండారం 1753లో ఏర్పడ్డ బ్రిటిష్ మ్యూజియంకి పునాదుల్లో ఒకటి. 1215 నాటి మాగ్నా కార్టా ప్రతుల్లో మిగిలిన నాలుగింట రెండు ఇందులోవే. రాబర్ట్ కాటన్‌కి వంశగౌరవం మీద మోజెక్కువ. స్కాట్లండ్ రాజుల బ్రూస్ వంశంతో చుట్టరికం చెప్పుకుని ఆ పేరు మధ్యలో చేర్చుకున్నాడు.

కవి చార్లెస్ కాటన్ (1630–1687) గాలంతో చేపలు పట్టడం మీద ఐజాక్ వాల్టన్ రాసిన ప్రసిద్ధ గ్రంథానికి 1676లో రెండో భాగం సమకూర్చాడు. ప్యూరిటన్ బోధకుడు జాన్ కాటన్ (1585–1652) ఇంగ్లండులోని బోస్టన్ విడిచి 1633లో అమెరికాలోని బోస్టన్ చేరాడు. ఆయన కూతురి కొడుక్కి తల్లి పుట్టింటి ఇంటిపేరునే సొంత పేరుగా పెట్టారు. అతనే కాటన్ మేథర్ (1663–1728), 1721లో బోస్టన్‌లో మశూచి టీకాకి గట్టిగా నిలబడ్డవాడు. ఇంటిపేరు ఒకరి సొంత పేరవడం గోదావరి తీరంలోనే జరిగిందని అనుకోనక్కర్లేదన్న మాట, కాకపోతే అక్కడ పెట్టుకుంటే అయింది, ఇక్కడ జనం పిలవగా అయింది.

భారతదేశంలో కూడా ఈ పేరున్న ప్రముఖులందరూ బంధువులు కారు. కుంభకోణంలో పుట్టిన సర్ హెన్రీ కాటన్ (1845–1915) అస్సాం చీఫ్ కమిషనర్‌గా చేసి 1904లో బొంబాయి కాంగ్రెస్ మహాసభకి అధ్యక్షత వహించాడు. గువాహటిలో 1901లో మొదలైన కాటన్ కళాశాల, ఇప్పటి కాటన్ విశ్వవిద్యాలయం, ఈయన పేరు మీదే ఉంది. ఈయనది కుంపిణీ డైరెక్టర్ జోసెఫ్ కాటన్ వంశం. మద్రాసు రాష్ట్రంలోని సమాధి శాసనాలను 1905లో గ్రంథంగా తెచ్చిన జూలియన్ జేమ్స్ కాటన్ కూడా ఆ ఇంటివాడే. సిమ్లా, బెంగళూరుల్లోని బిషప్ కాటన్ పాఠశాలలకి పేరైన కలకత్తా బిషప్ జార్జ్ కాటన్ 1866లో కుష్టియా దగ్గర గోరాయి నదిలో జారిపడి మునిగిపోయాడు. మరోవైపు బెంగళూరు కాటన్‌పేట, ముంబయి కాటన్ గ్రీన్ ఏ దొర పేరూ కావు, దూది వ్యాపారం నుంచి వచ్చినవి.

గోదావరి డెల్టాలో

ఆర్థర్ కాటన్ 1803 మే 15న పుట్టి, 1821లో మద్రాసు వచ్చి, కావేరి మీద చోళుల నాటి కల్లణైని చదువుకుని, 1836 నాటికి కొల్లడం ఆనకట్టలు పూర్తి చేశాడు. గోదావరికి వచ్చేనాటికి ఈ సీమ చితికిపోయి ఉంది. 1832–33 నందన కరువు, 1839 నవంబర్‌లో కోరంగిని ముంచేసిన తుపాను కలిసి ఊళ్లకి ఊళ్లని ఖాళీ చేశాయి. 1821లో ఏడు లక్షలు దాటిన రాజమండ్రి జిల్లా జనాభా 1841కి ఐదు లక్షల అరవై వేలకి పడిపోయింది. గోదావరి పక్కనే పారుతూ ఉంది, నీళ్లు మాత్రం సముద్రంలోకి పోతున్నాయి. 1844లో, 1845లో కాటన్ ఇచ్చిన నివేదికల సారాంశం ఇదే. 1846 చివర్లో అనుమతి వచ్చింది. 1847లో పని మొదలై 1852కి ముగిసింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు ఖండాలుగా లంకల మధ్య సుమారు పన్నెండు వేల అడుగుల కట్టడం లేచింది. రాయి ధవళేశ్వరం కొండదే.

ఆయనకి 1861లో సర్ బిరుదు వచ్చింది. ఇంగ్లిష్ మర్యాదలో సర్ అన్న మాట సొంత పేరుకి అంటుకుంటుంది. వాళ్లు ‘సర్ ఆర్థర్’ అంటారు తప్ప ‘సర్ కాటన్’ అనరు. డెల్టాలో ఆర్థర్ అన్న పేరు శిలాఫలకాల మీద, పాఠ్యపుస్తకాల్లో ఉంటుందే గాని నోటికి రాదు. తెలుగులో గౌరవంగా చెప్పేటప్పుడు ఇంటిపేరుతో పిలవడం పండితులకి, కవులకి దక్కే మర్యాద. కందుకూరి అంటే వీరేశలింగం, చిలకమర్తి అంటే లక్ష్మీనరసింహం. ఆ ఇళ్లలో ఇంకెందరున్నా ఒక్కరే గుర్తొస్తారు. కాటన్‌కి దక్కింది ఈ మర్యాదే. దానికి తోడు ‘దొర’ చేరింది. కలెక్టరు దొర, జడ్జి దొర అన్నప్పుడు అది అధికారం. కాటన్ దొర అన్నప్పుడు అందులో భయం లేదు. డెల్టాలో పాత తరం రైతు ఆ రెండు మాటల్ని విడదీసి పలకడు.

రాతలో ‘కాటన్’, ‘కాటను’ రెండూ కనిపిస్తాయి. హల్లుతో ముగిసిన మాటకి చివర ఉకారం చేర్చడం తెలుగు అలవాటు, పాత పుస్తకాల్లో ‘కాటనుదొర’ అనే ఎక్కువ. ‘అపర భగీరథుడు’ అన్న విశేషణం ఏ సభలోనైనా ముందు వస్తుంది. గోదావరి స్నానానికి సంకల్పం చెప్పించేటప్పుడు కాటన్‌ని కూడా తలుచుకునే పురోహితులున్నారని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. సంకల్పంలో గోత్రం, నక్షత్రం, పేరు చెబుతారు. ఇంగ్లిష్ పల్లెటూరి గుడిసెల పేరు అందులో చోటు చేసుకోవడం కూంబర్‌మియర్ పెద్దలు ఊహించని ముగింపు.

మే 15న నీటిపారుదల ఇంజనీర్లు, రైతు సంఘాలు ధవళేశ్వరంలో ఆయనకి దండలు వేస్తారు. డెల్టాలో చాలా ఊళ్లలో బొమ్మలున్నాయి, కొన్నిచోట్ల గుర్రం మీద. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద తెలుగు ప్రముఖుల వరసలోనూ ఆయనకి చోటిచ్చారు. తెల్లవాడి విగ్రహాన్ని పడగొట్టమన్న ఉద్యమం ఈ జిల్లాల్లో రాలేదు. దీన్ని బానిస మనస్తత్వం అనేవాళ్లు లేకపోలేదు గాని, వాళ్లు డెల్టా రైతుతో మాట్లాడినట్టు లేదు. కాటన్ కూడా కుంపిణీ ఉద్యోగే, ఆనకట్ట పెట్టుబడికి రాబడి ఎంతో లెక్కకట్టి చూపించే అనుమతి సంపాదించాడు. శిస్తు పెరుగుతుందన్నదే ఆయన వాదనలో ముఖ్యమైన పాయింటు. ఆ లెక్కల్లోంచే పది లక్షల ఎకరాలకి పైగా తడిసే కాలవలు వచ్చాయి. తర్వాత రోజుల్లో రైలు మార్గాల కంటే కాలవలకి డబ్బు పెట్టండని వాదించి 1878లో పార్లమెంటు కమిటీ ముందు నిలబడ్డాడు కూడా.

పాత ఆనకట్ట స్థానంలో 1970లో మొదలుపెట్టి 1982లో ముగించిన బ్యారేజీకి సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీ అని పేరు పెట్టారు. ధవళేశ్వరం వైపు 70, ర్యాలి వైపు 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39, మొత్తం 175 గేట్లు. వరదల్లో టీవీల్లో మొదటి ప్రమాద హెచ్చరిక చెప్పేటప్పుడు ‘కాటన్ బ్యారేజీ వద్ద నీటిమట్టం’ అన్న మాట రోజుకి ఎన్నిసార్లు వినిపిస్తుందో లెక్కలేదు. ధవళేశ్వరంలో 1988లో కాటన్ మ్యూజియం తెరిచారు.

ఇంగ్లండులో ఆర్థర్ ఇంటి కథ వేరుగా నడిచింది. 1841లో ఆయన టాస్మేనియాలో ఎలిజబెత్ లియర్‌మంత్‌ని పెళ్లి చేసుకున్నాడు. వాళ్ల కూతురు ఎలిజబెత్ పెళ్లయ్యాక లేడీ హోప్ అయింది. తండ్రి జీవితచరిత్రని 1900లో, ఆయన పోయిన మరుసటి ఏడు, ప్రచురించింది ఆమే. కాటన్ గురించి మొదటి సమగ్ర గ్రంథం అట్ట మీద రచయిత్రి ఇంటిపేరు అందుకే హోప్.

డెల్టాలో మిగిలిన ఇతర ఇంగ్లిష్ ఇంటిపేర్లు

ఆనకట్ట పనిలో కాటన్ కింద పనిచేసిన వాళ్ల పేర్లు చాలామటుకు ఇంజనీర్లకే తెలుసు. కాటన్ తర్వాత పనిని కెప్టెన్ చార్లెస్ ఓర్ నడిపించాడు. లెఫ్టినెంట్ ఫ్రెడరిక్ హేగ్ నాగరం లంకకి నీళ్లు దాటించేందుకు గన్నవరం దగ్గర వైనతేయ మీద 49 కమానుల అక్విడక్టు కట్టాడు. ఆ కట్టడం ఒకటిన్నర శతాబ్దం పనిచేసింది. రాజమండ్రి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే పేరు చిత్రకారులు దామెర్ల రామారావు, అడివి బాపిరాజుల చరిత్రలో గురువుగా నిలిచింది. కళల మీద ఆసక్తి లేనివాళ్లకి అదీ తెలియదు.

కాటన్ తర్వాత జనం నోట్లో ఆడేది హేవ్‌లాక్ ఒక్కటే. 1900లో రాజమండ్రి, కొవ్వూరుల మధ్య తెరిచిన రైలు వంతెనకి అప్పటి మద్రాసు గవర్నర్ సర్ ఆర్థర్ హేవ్‌లాక్ పేరు పెట్టారు. ఇది ఊరిపేరు కాదు, పాత స్కాండినేవియా భాషలో ఒక మనిషి పేరు నుంచి వచ్చిన ఇంటిపేరు. ఇద్దరూ ఆర్థర్లే, ఇద్దరి పేర్లూ గోదావరి మీదే ఉన్నాయి. కానీ హేవ్‌లాక్ ఎవరని అడిగితే రాజమండ్రిలో ఎక్కువమంది వంతెన వైపు చెయ్యి చూపిస్తారు, మనిషి గురించి చెప్పలేరు. అక్కడ పేరు కట్టడానిది. 1997లో ఆ వంతెన మీద రైళ్లు ఆపేశారు.

గన్నవరంలో హేగ్ కట్టడం పక్కన 2000లో కొత్త అక్విడక్టు వచ్చింది. దానికి ఆకలిగొన్నవాళ్లకి వేళకానివేళ కూడా అన్నం పెట్టిన లంకల గన్నవరం గృహిణి డొక్కా సీతమ్మ (1841–1909) పేరు పెట్టారు. బస్సుల్లో, కాలవ గట్ల మీద ఇప్పుడు డొక్కా సీతమ్మ అక్విడక్టనే అంటున్నారు.